కౌన్సెలింగ్ సైకాలజీ పీజీ ఎక్కడ చెయ్యాలక్కా అని అడిగేవాళ్ళకి

డిగ్రీ చివరి సెమిస్టర్ అవ్వగానే నా ఫోన్‌కి మెసేజ్‌లు మొదలవుతాయి. "అక్కా, కౌన్సెలింగ్ సైకాలజీలో పీజీ చేద్దామనుకుంటున్నా, ఏ కాలేజీ మంచిది?" కొంతమంది ర్యాంకింగుల స్క్రీన్‌షాట్ పంపి ఇందులో ఒకటి టిక్ చెయ్యమంటారు. ఇంకొంతమంది నాన్నల చేత ఫోన్ చేయిస్తారు, ఆయన నేరుగా "దీనికి స్కోప్ ఉందామ్మా?" దగ్గర మొదలుపెడతారు. నేను ఇదే చదివి ఇప్పుడు ఒక ఇంటర్ కాలేజీలో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నా కాబట్టి అడగడంలో తప్పేం లేదు, కానీ ఒక్కొక్కళ్ళకీ మొదట్నుంచీ చెప్పుకురావాలంటే ఓపిక అయిపోతోంది. అందుకే ఇక్కడ రాసేస్తున్నా, ఇకమీదట లింకు పంపేస్తా.

ముందు అసలు విషయం. ఆ కోర్సులో మిమ్మల్ని నిజమైన క్లయింట్ల ఎదురుగా ఎన్ని గంటలు కూర్చోబెడతారు, బయటికొచ్చాక మీరు లోపల ఏం మాట్లాడారో విని తప్పొప్పులు చెప్పడానికి ఎవరున్నారు - నేను చూసేది ఇదొక్కటే. భవనాలు, ర్యాంకు, ఎంఏనా ఎంఎస్సీనా, బ్రోషర్లో విదేశీ యూనివర్సిటీతో ఒప్పందం అని ఉందా, ఇవన్నీ తర్వాత సంగతి.

ఎందుకింత పట్టుబడుతున్నానో చెప్తా. వెర్బాటిమ్ అని ఒకటుంటుంది. క్లయింటు ఒప్పుకుంటే సెషన్ రికార్డు చేసి, లేకపోతే బయటికి రాగానే గుర్తున్నంతవరకు, వాళ్ళేమన్నారు నేనేమన్నాను అని నాటకం స్క్రిప్టులాగా వరసగా రాసుకురావాలి. పేర్లు, ఊళ్ళు తీసేసి. పక్కన ఒక ఖాళీ కాలమ్, అందులో ఆ నిమిషంలో నాకేమనిపించిందో రాయాలి. దాన్ని తీసుకెళ్ళి సూపర్‌వైజర్ ముందు కూర్చుంటే ఆవిడ ఒక్కో లైనూ చదివిస్తుంది. మా బ్యాచ్‌లో ఒకరి కాగితంలో హాస్టల్ అమ్మాయి "సెలవులిచ్చినా ఇంటికెళ్ళాలనిపించట్లేదు సర్" అంది, దానికి మావాడు "మీ ఊరెక్కడ?" అని అడిగాడు. మేడమ్ అక్కడ ఎర్ర పెన్నుతో గీత గీసి, "ఆ పిల్ల తలుపు తీస్తే నువ్వు డోర్ నంబర్ అడుగుతావేంటయ్యా?" అంది. అందరం నవ్వాం, వాడూ నవ్వాడు, కానీ ఆ తర్వాత అరగంట ఆ ఒక్క లైను మీదే నడిచింది: వాడు ఊరి పేరెందుకు అడిగాడు, ఆ మాట వినగానే వాడికి ఎక్కడ ఇబ్బందయింది, అక్కడ మాట్లాడకుండా కాసేపు ఆగితే ఆ అమ్మాయి ఏమనుండేది. ఈ అరగంట ఏ పుస్తకంలోనూ దొరకదు. కౌన్సెలింగ్‌లో మనిషి మారాలంటే కావాల్సినవని కార్ల్ రోజర్స్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1957లో రాసిన షరతులు, అంటే క్లయింటుని ఉన్నదున్నట్టు స్వీకరించడం, వాళ్ళ లోపలినుంచి అర్థం చేసుకోవడం లాంటివి, పరీక్షలో పది మార్కులకి ఎవరైనా రాసేస్తారు. ఎదుటివాళ్ళు ఏడుస్తుంటే ఒక నిమిషం నోరు మూసుకుని కూర్చోవడం మాత్రం ఎవరో ఒకరు వెనకుండి నేర్పిస్తేనే వస్తుంది.

ఇక్కడ "ప్రాక్టికల్స్ ఉన్నాయా?" అని అడిగితే ప్రతి కాలేజీ ఉన్నాయనే అంటుంది. అబద్ధం కాదు. మన దగ్గర చాలాచోట్ల సైకాలజీ ప్రాక్టికల్ అంటే ల్యాబు. ముల్లర్-లయర్ గీతలు (పొడవు ఒకటే అయినా కంటికి వేరుగా కనిపించేవి), అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడం, క్లాస్‌మేట్‌నే సబ్జెక్టుగా కూర్చోబెట్టి ఒక పర్సనాలిటీ టెస్టు చేసి స్కోరు వేసి రికార్డులో రాసి సంతకం చేయించుకోవడం. అవీ అవసరమే, కాదనను, టెస్టులంటే భయం పోతుంది. కానీ అది కౌన్సెలింగ్ కాదు. కాబట్టి ప్రశ్న మార్చి అడగండి: రెండో ఏడాది ప్లేస్‌మెంట్ (ఉద్యోగం కాదు, పని నేర్చుకోవడానికి పంపే ఆసుపత్రో, క్లినిక్కో) ఎక్కడ, వారానికి ఎన్ని రోజులు, అక్కడ మమ్మల్ని చూసుకునేది ఎవరు, వారానికి ఎంతసేపు సూపర్‌విజన్. ఈ నాలుగింటికీ తడుముకోకుండా జవాబొస్తే ఆ కాలేజీ గురించి ఆలోచించొచ్చు. "అదంతా స్టూడెంట్సే చూసుకుంటారండి" అన్నారంటే మీరే తిరిగి తిరిగి ఏదో ఒక క్లినిక్కు పట్టుకోవాలన్నమాట. ఆ క్లినిక్కుల్లో కొన్ని ఎదురు మీ దగ్గరే డబ్బు కట్టించుకుని, మూల కుర్చీలో కూర్చోబెట్టి చూడమని, నెలాఖరుకి సర్టిఫికెట్ ఇస్తాయి. ఫీజు కట్టి పని నేర్చుకోవడం వేరు, సర్టిఫికెట్ కొనుక్కోవడం వేరు. ఈ వ్యాపారం మీద నాకు చాలా కోపముంది, ఇక్కడితో ఆపుతా.

పోల్చుకోవడానికి ఒక కొలత కావాలంటే అమెరికాలో కౌన్సెలింగ్ మాస్టర్స్ కోర్సులకి గుర్తింపునిచ్చే కేక్రెప్ అనే సంస్థ పెట్టిన నియమాలు చూడండి. ప్రాక్టికమ్, అంటే మొదటి విడత ప్రాక్టీసు, 100 గంటలు, ఆ తర్వాత ఇంటర్న్‌షిప్ 600 గంటలు, అందులో 240 గంటలు నేరుగా క్లయింట్లతోనే. పైగా వారానికి సగటున గంట విడిగా, గంటన్నర గ్రూపుగా సూపర్‌విజన్. మన దగ్గర చాలాచోట్ల అంతుండదు. అయినా ఆ అంకెలు మనసులో పెట్టుకుని అడిగితే, అవతలివాళ్ళు చెప్పే "ఎక్స్‌టెన్సివ్ ఫీల్డ్ ఎక్స్‌పోజర్" ఎంత ఎక్స్‌టెన్సివో తెలిసిపోతుంది.

ఇప్పుడు అందరూ తికమకపడే చోటు: క్లినికల్‌కీ కౌన్సెలింగ్‌కీ తేడా. పని దగ్గర ఈ రెండూ బాగా కలిసిపోతాయి, కానీ కాగితం మీద పెద్ద గోడ ఉంది. క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు పెట్టుకోవాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అదే ఆర్‌సీఐ, ఆమోదించిన కోర్సు చేసి వాళ్ళ రిజిస్టర్లో పేరు ఎక్కించుకోవాలి. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం కూడా క్లినికల్ సైకాలజిస్టు ఎవరో ఆ లెక్కలోనే చెప్తుంది. ఇన్నాళ్ళూ ఆ దారి ఎంఫిల్ మీదుగా వెళ్ళేది. యూజీసీ ఎంఫిల్‌నే ఎత్తేసింది, క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 దాకా అడ్మిషన్లకి వెసులుబాటిచ్చింది. ఇక దాని స్థానంలో ఆర్‌సీఐ కొత్త కోర్సులు తెస్తోంది. అందుకని "ముందు ఏదో ఒక పీజీ చేసేసి తర్వాత ఎంఫిల్ చేస్తా" అనే పాత ప్లాన్ సీనియర్లు చెప్పినా నమ్ముకోకండి. ఆర్‌సీఐ వెబ్‌సైట్లో ఆ ఏడాది ఆమోదం ఉన్న సంస్థల జాబితా ఉంటుంది, దాన్ని మాత్రమే చూడండి. మామూలు ఎంఏ కౌన్సెలింగ్ సైకాలజీతో ఆ రిజిస్ట్రేషన్ రాదు. అడ్మిషన్ ఆఫీసులో కూర్చున్నవాళ్ళు "వస్తుందమ్మా" అంటే, రాసి సంతకం పెట్టి ఇవ్వమనండి.

మరి కౌన్సెలింగ్ చేసినవాళ్ళకి ఏముంది? 2021లో నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం వచ్చింది, వైద్యానికి అనుబంధంగా ఉండే వృత్తుల చదువుల్నీ రిజిస్ట్రేషన్నీ చూసేది. అందులో బిహేవియరల్ హెల్త్ కింద సైకాలజిస్టులు, కొన్నిరకాల కౌన్సెలర్లు ఉన్నారు. దాని ప్రభావం ఇప్పటికే కనిపిస్తోంది: ఆ చట్టం పరిధిలోకి వచ్చే చదువులని చెప్పి 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపొద్దని యూజీసీ యూనివర్సిటీలకి చెప్పింది. ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ ఇగ్నోలో ఎంఏ సైకాలజీ చేసి, రెండో ఏడాదిలో కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్ళు మనలో ఎంతోమంది ఉన్నారు, ముఖ్యంగా పెళ్ళయ్యాక మళ్ళీ చదువు మొదలుపెట్టిన ఆడవాళ్ళు. వాళ్ళకి ఉన్న ఒక్క తలుపూ మూసేశారని నాకు బాధే. అయితే మనిషి ఎదురుగా కూర్చోకుండా ఈ పని నేర్చుకోవచ్చని మాత్రం నేననను. ఆరు వారాల్లో "సర్టిఫైడ్ సైకోథెరపిస్ట్" చేసేస్తామని ఇన్‌స్టాలో వచ్చే యాడ్స్ గురించి ఇంకో పేరా దండగ.

సరే, ఎక్కడెక్కడ ఉన్నాయి? మన దగ్గర పాత డిపార్ట్‌మెంట్లు ఉస్మానియాలో, ఆంధ్రా యూనివర్సిటీలో, తిరుపతి ఎస్వీయూలో ఉన్నాయి. ఉస్మానియాకి సీపీగెట్, ఏపీలో యూనివర్సిటీలకి ఏపీ పీజీసెట్ రాయాలి. ఫీజు వేలల్లోనే అయిపోతుంది, ప్రైవేటులో అది లక్షల్లో ఉంటుంది. సరదాకి ఒక సంగతి: విశాఖలో ఆ డిపార్ట్‌మెంట్ పేరు సైకాలజీ అండ్ పారాసైకాలజీ, కె. రామకృష్ణారావు గారు 1967లో అక్కడ పారాసైకాలజీ, అంటే టెలిపతీ లాంటివాటి మీద పరిశోధన, మొదలుపెట్టారు. దెయ్యాల మీద పరిశోధనా అని ఇంట్లో ఎగతాళి చేస్తే చెప్పుకోవడానికి పనికొస్తుంది, ఆయన అమెరికాలో ఈ పరిశోధనకి పేరుపడ్డ జె.బి. రైన్ దగ్గర పనిచేసి వచ్చిన మనిషి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఉన్నది హెల్త్ సైకాలజీ సెంటరు, దాని మొగ్గు ఆరోగ్యం, పరిశోధన వైపు ఎక్కువ. పీహెచ్‌డీ ఆలోచన ఉన్నవాళ్ళకి నేను దాన్నే చెప్తా. కౌన్సెలింగ్ అనే పేరుతోనే పీజీ కావాలంటే జనం బెంగళూరు వెళ్తారు, క్రైస్ట్, మోంట్‌ఫోర్ట్ లాంటివాటికి. ముంబై టిస్‌లో, అదే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో, అప్లైడ్ సైకాలజీ ఎంఏలో క్లినికల్, కౌన్సెలింగ్ ప్రాక్టీసు ఒక స్పెషలైజేషన్, ఫీల్డ్ వర్క్ అక్కడ మొదట్నుంచీ చదువులో భాగం. సెంట్రల్ యూనివర్సిటీలు కావాలనుకుంటే సీయూఈటీ పీజీ రాయాలి, దరఖాస్తు గడువు చలికాలంలోనే అయిపోతుంది, ఎండాకాలంలో నాకు మెసేజ్ పెడితే లాభంలేదు.

వీటిలో ఏది గొప్ప అని నేను చెప్పను. ప్రభుత్వ యూనివర్సిటీలో మంచి ప్రొఫెసర్ ఒక్కరున్నా, ఆవిడ మిమ్మల్ని పట్టించుకుని పక్కనున్న ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ ఓపీకి పంపిస్తే, లక్షలు పోసిన కోర్సు కంటే ఎక్కువ నేర్చుకుంటారు. ఆవిడ రిటైరైపోతే అదే చోట ఏమీ ఉండదు. అందుకే కాలేజీ పేరు కాదు, ఈ ఏడాది అక్కడ ఎవరున్నారో కనుక్కోమంటా.

బెంగళూరు, ముంబై అనగానే ఎగిరి గంతేసేవాళ్ళు ఇంకో సంగతి ఆలోచించాలి. తిరిగొచ్చి మీరు పనిచేసేది ఏ ఒంగోల్లోనో, వరంగల్లోనో, ఎల్బీనగర్‌లోనో అయితే మీ ముందు కూర్చునేవాళ్ళు తెలుగులో మాట్లాడతారు. అది కూడా "నాకు యాంగ్జైటీ" అని రారు. కడుపులో మంట, తల దిమ్ముగా ఉంటోంది, అన్నం సహించట్లేదు, అమ్మ మాట పడట్లేదు అంటూ వస్తారు. పక్కన అమ్మ కూడా ఉంటుంది, ప్రశ్న పిల్లకి వేస్తే జవాబు అమ్మ చెప్తుంది. రెండేళ్ళు ఇంగ్లీషులో రోల్‌ప్లేలు చేసి వచ్చినవాళ్ళు ఇక్కడ మొదటి నెల నీళ్ళు నములుతారు, నేను చూశా. వేరే రాష్ట్రం వెళ్ళొద్దని కాదు. వెళ్ళినచోట తెలుగు వచ్చిన సూపర్‌వైజర్ ఉన్నారా, లేకపోతే సెలవుల్లో ఇక్కడికొచ్చి ఒక ప్లేస్‌మెంట్ చేసుకోనిస్తారా అని అడగండి. అమ్మానాన్నలతో కలిపి కూర్చోబెట్టి మాట్లాడటం, అంటే ఫ్యామిలీ థెరపీ, సిలబస్‌లో ఒక యూనిట్టేనా, నిజంగా చేయిస్తారా అన్నది కూడా. మన ఇళ్ళలో ఒక్క మనిషి సమస్య అంటూ ఉండదు కదా.

ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు మీరు తిరిగి అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది, దీన్ని మాత్రం వదలొద్దు. "ట్రైనీతో మాట్లాడుతూ క్లయింటు చచ్చిపోవాలనుంది అంటే, ఆ ట్రైనీ వెంటనే ఎవరికి ఫోన్ చెయ్యాలి?" మంచి కోర్సులో దీనికి పేరుతో సహా జవాబుంటుంది: సైట్ సూపర్‌వైజర్ ఫలానా, ఆయన దొరక్కపోతే ఫలానా, రిఫర్ చెయ్యాల్సిన సైకియాట్రిస్ట్ ఫలానా, ఇంట్లోవాళ్ళకి ఎప్పుడు ఎలా చెప్పాలో రాసిన కాగితం ఇదీ. జవాబు లేని చోట ఆ బరువంతా ఇరవై రెండేళ్ళ పిల్ల మీద పడుతుంది, అది ఆ క్లయింటుకీ ప్రమాదమే. ఇంటర్ కాలేజీలో పనిచేసేదాన్ని కాబట్టి దీని గురించి ఎక్కువ మాట్లాడుతున్నాననుకుంటారేమో, కానీ ఇది మీకు కూడా మొదటి ఏడాదే ఎదురవుతుంది.

స్కోప్ గురించి అడిగే నాన్నలకి కూడా జవాబివ్వాలిగా. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన పదిహేడేళ్ళ అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో తీర్పిచ్చింది. వంద మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న విద్యాసంస్థలు కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్నో పెట్టుకోవాలని అందులో ఉంది, కోచింగ్ సెంటర్లతో సహా. ఎంతమంది నిజంగా పెడతారు, ఎంతమంది బోటనీ మేడమ్‌కే అదనపు డ్యూటీ వేసి చేతులు దులుపుకుంటారు అన్నది వేరే కథ. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, అదే 14416 నంబరు, 2022 అక్టోబరులో మొదలైంది, అక్కడ మొదట ఫోనెత్తేది శిక్షణ పొందిన కౌన్సెలర్లే. ప్రభుత్వాసుపత్రుల్లో హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రాల్లో కౌన్సెలర్ పోస్టులుంటాయి, కాంట్రాక్టువి. జీతం సాఫ్ట్‌వేర్ పక్కన పెట్టి చూసేలా ఉండదు. మొదటి రెండు మూడేళ్ళు ఇంటి అద్దె కట్టుకుని, ఊరికి పంపడానికి ఏమీ మిగలదు, కాబట్టి పాతిక లక్షల అప్పు చేసి ఈ చదువు చదవాలనుకునేవాళ్ళు ఈఎంఐ లెక్క ముందేసుకోండి, ప్లీజ్.

అప్పు అంటే అమెరికా గుర్తొచ్చింది. డాలస్‌లో అన్నయ్య ఉన్నాడు, అక్కడ మాస్టర్స్ చేస్తా అనేవాళ్ళు ఈమధ్య పెరిగారు. అక్కడ డిగ్రీ అవ్వగానే సొంతంగా పని చెయ్యనివ్వరు. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం లైసెన్సు. టెక్సాస్‌నే తీసుకోండి, డిగ్రీ తర్వాత సూపర్‌విజన్ కింద 3000 గంటలు, కనీసం 18 నెలల పాటు. స్టూడెంట్ వీసా మీద చదివినవాళ్ళకి చదువయ్యాక ఓపీటీ, అంటే అక్కడ పనిచేసుకునే అనుమతి, ఇచ్చేది 12 నెలలు. స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) చదువులకైతే ఇంకో 24 నెలలు పొడిగిస్తారు, కౌన్సెలింగ్ డిగ్రీలు సాధారణంగా ఆ జాబితాలోకి రావు. 12కీ 18కీ మధ్య ఆ ఆరు నెలలు ఎలా గట్టెక్కుతారో, స్పాన్సర్ చేసే ఏజెన్సీ ఎవరో వెళ్ళకముందే తేల్చుకోవాలి. భర్త ఉద్యోగం వల్ల అక్కడే ఉంటూ పనిచేసే అనుమతి కూడా ఉన్నవాళ్ళు, గ్రీన్‌కార్డు వచ్చినవాళ్ళు అయితే ఈ గొడవ తక్కువ, వాళ్ళకి నేను ధైర్యంగా చెయ్యమనే చెప్తా. అక్కడి తెలుగు కుటుంబాల్లో టీనేజ్ పిల్లలకీ, మనవల్ని చూసుకోవడానికి వెళ్ళి నాలుగ్గోడల మధ్య ఉండిపోయే అమ్మమ్మలకీ వాళ్ళ భాషలో మాట్లాడే కౌన్సెలర్ దొరకడం కష్టం. కేక్రెప్ గుర్తింపు ఉన్న కోర్సు తీసుకుంటే రాష్ట్రం మారినప్పుడు కాగితాల తలనొప్పి తగ్గుతుంది.

నాలుగేళ్ళ ఆనర్స్ చేసినవాళ్ళకి ఏడాది పీజీ వచ్చింది కదా, అది చాలా అని కూడా అడుగుతున్నారు. కాగితానికి చాలు. ఏడాదిలో థియరీ పేపర్లు, డిసర్టేషన్, ప్లేస్‌మెంట్ అన్నీ కుక్కితే కోత పడేది ప్లేస్‌మెంట్‌కే.

కాబట్టి లిస్టు ఒక మూడు చోట్లకి తగ్గించుకుని, ఫీజు కట్టే ముందు వర్కింగ్ డే చూసుకుని వెళ్ళండి. ఓపెన్ హౌస్ రోజు వెళ్ళొద్దు, ఆ రోజు అందరూ ఇస్త్రీ బట్టల్లో ఉంటారు. క్యాంటీన్లో రెండో ఏడాది వాళ్ళని పట్టుకుని టీ ఇప్పించి, ప్లేస్‌మెంట్ లాగ్‌బుక్ ఎలా ఉంటుందో చూపించమనండి. లోపల క్లయింట్ల వివరాలు చూడకూడదు, చూపించకూడదు కూడా, చూపిస్తే ఆ కోర్సు గురించి అక్కడే తెలిసిపోయినట్టు. మీరు చూడాల్సింది గంటలు రాసే పేజీ, దాని చివర సూపర్‌వైజర్ సంతకాల వరస. వేరువేరు తేదీల్లో, వేరువేరు పెన్నులతో, మధ్యలో ఒకట్రెండు చోట్ల "మళ్ళీ రాసుకురా" అని ఉంటే సంతోషం. సెమిస్టర్ మొత్తానికీ ఒకే ఇంకుతో, ఒకే ఊపులో పైనుంచి కిందదాకా పెట్టేసి ఉంటే టీకి థాంక్స్ చెప్పించుకుని, లిస్టులో రెండో కాలేజీకి బస్సెక్కండి.